ట్రైలర్‌కు పెట్టిన బొట్లు

శనివారం రాత్రి, డెగ్గెన్‌డార్ఫ్

ఇంత సంతోషం నోటితో చెబితే దిష్టి తగులుతుందని భయం. అందుకే ఇన్నేళ్లకు కలం పట్టాను.

డ్రెస్డెన్‌లో మా అమ్మాయికి నెలలు నిండుతున్నాయి. వాళ్లది ఒక్క గది ఇల్లు. పురుడు వెళ్లేదాకా దగ్గర్లోని క్యాంపింగ్ స్థలంలో ఉందామని మా ఆయన ట్రక్కు వెనక లాక్కెళ్లే ఈ పాత ఇల్లులాంటి ట్రైలర్ కొన్నారు. ట్రక్కు మీద ఆనే దాని ముందు భాగం ఊగుతుంటే, గోడలను మోసే ఇనుప చట్రానికి వెల్డింగ్ చేయించారు. అది నిలిచిందో లేదో ఈ రోజు చూశాం. చట్రం వంగితే ప్రయాణం లేనట్టే.

సగం చట్రం మీద, సగం గోడ మీద ఉండేలా నా బొట్టు బిళ్లలు వరసగా అంటించాను.

"ట్రైలర్‌ని ముత్తైదువని చేసేశావేంటే!" అన్నారాయన.

"నవ్వకండి. పైకి లేపినప్పుడు చట్రం వంగి, దానికీ గోడకీ మధ్య సందు విచ్చుకుంటే బొట్టు చిరుగుతుంది," అన్నాను మెల్లగా.

ట్రైలర్‌కి ముందు వైపు ఉన్న ఇనుప కాళ్లను పొడిగించే బటన్ ఆయన నొక్కారు. ఆ కాళ్ల మీద ట్రైలర్ లేచింది. నేను మనసులో దేవుణ్ణి తలుచుకుంటూ బొట్ల మీదే చూపు నిలిపాను. దించారు, మళ్లీ లేపారు. ఒక్కటీ చిరగలేదు. చట్రం వంగితే బిగుసుకుపోవాల్సిన తలుపు కూడా హాయిగా తెరుచుకుంది.

"గోవిందా!" అని అరిచాను. నేనేనా అరిచింది! పక్కింటివాళ్లు కిటికీ తెరిచి చూశారు. కొబ్బరికాయ కొట్టమంటే బద్ధకించే మనిషి, ఆయన కూడా "గోవిందా" అన్నారు.

ఫోన్ చేస్తే అమ్మాయి, "బయల్దేరమ్మా, ఆవకాయ మర్చిపోకు," అంది.

చివరి బొట్టు అంచు కొంచెం లేచినట్టుంది. చెమ్మకేనేమో... పొద్దున్నే ఇంకోసారి చూడాలి.

స్వామీ, ఈ కాగితం నీ పటం వెనక పెడుతున్నాను. భద్రంగా ఉంచు. ఎవరికీ చూపించకు, ఆయనకైతే అసలే వద్దు.