ఆరిందా దగ్గర నా చదువు

ప్రియమైన అక్కకి,

నేను బడికి వెళ్తున్నాను. నవ్వకు. మా కళ్లజోళ్ల దుకాణం వెనక, ఇరుకు సందుల మధ్య, రంగు వెలిసిన బడి ఒకటుంది. చదువులో వెనకబడ్డ ఏడో తరగతి పిల్లలకి అక్కడ ఒక్కొక్కరికీ ఒక పెద్దమనిషిని తోడిస్తున్నారు. వారానికో సాయంత్రం పక్కన కూర్చుని కబుర్లు చెప్పాలి, చదివించాలి, ఏడాది తిరిగేసరికి గట్టెక్కించాలి. పొద్దస్తమానం అద్దాలు అరగదీస్తూ యంత్రంతో తప్ప ఎవరితోనూ మాట్లాడని దాన్ని, సరేనన్నాను.

నాకు పడ్డ పిల్లకి ఆరిందా అని పేరు పెట్టుకున్నాను. లెక్కలు బొత్తిగా రావు. ఈసారి తప్పితే బడి మాన్పించి పిన్ని దగ్గర కుట్టుపనిలో పెడతారట. ఆ బెంగ దాని మొహంలో ఎక్కడా లేదు. చేతులు కట్టుకుని కూర్చుని, "తిన్నారా? నిద్ర పడుతోందా? ఇంట్లో ఎవరెవరుంటారు?" అని నన్ను అడుగుతుంది. "పుస్తకం తియ్యమ్మా" అంటే, "తీస్తాలెండి ఆంటీ, ముందు మీరు స్థిమితపడండి" అంటుంది. ఎవరు ఎవరిని చదివిస్తున్నారో నాకు అంతుపట్టడం లేదు. నీకేమైనా అర్థమైతే రాయి.

నీ చెల్లెలు

*

అక్కా,

మైనస్ అంకెలు ఆరిందా బుర్రకెక్కలేదు. "ఏమీ లేనిదానికంటే తక్కువ ఎలా ఉంటుందాంటీ?" అంది. నిజమే మరి. మరుసటి వారం దుకాణం నుంచి అద్దాలు పట్టుకెళ్లాను. ప్లస్ అద్దం అక్షరాన్ని పెద్దది చేస్తుంది, మైనస్ అద్దం చిన్నది చేస్తుంది. ప్లస్ రెండు మీద మైనస్ రెండు పెడితే అక్షరం ఉన్నదున్నట్టు ఉంటుంది. "మరి మైనస్ రెండు తీసి మైనస్ మూడు పెడితే?" అన్నాను. అద్దాలు తిప్పి తిప్పి చూసి, "కొంచెం చిన్నదైంది. మైనస్ ఒకటి!" అని అరిచింది. నాకు ఒళ్లు తెలియలేదు. వెంటనే అది నా చెయ్యి తట్టి, "చాలా బాగా చెప్పారు. చెప్తుంటే మీ మొహం ఎంత కళకళలాడిందో! మళ్లీ చెప్పండి" అంది.

ఆ సంబరంలో నోరు జారాను. నీకు చెప్పని మాట దానికి చెప్పేశాను. నీ మరిది పనిమీద ఊళ్లు తిరుగుతున్నాడని రాస్తూ వచ్చాను కదా. అబద్ధం. ఆయన నన్ను వదిలేసి వేరే కాపురం పెట్టుకున్నాడక్కా. నీకు చెప్తే పరుగెత్తుకొచ్చి నా ఎదుట ఏడుస్తావు, నిన్ను ఓదార్చే ఓపిక నాకు లేదు. అందుకే దాచాను.

ఆ పిల్ల అయ్యో అనలేదు. "అందుకేనా మిమ్మల్ని నా దగ్గరికి పంపించారు!" అంది. ఎవరు పంపించారే అంటే నోరు మెదపదు. నాకేమీ పాలుపోవడం లేదు. పసిదాని నెత్తిన నా గోడంతా పోశాను, ఇదేం సాయం? రేపు వెళ్లి మానేస్తానని చెప్పేస్తాను.

నీ చెల్లెలు

*

అక్కా,

ఈ కవరులో ఇంకో ఉత్తరం ఉంది. ముందు అది చదివి ఇది చదువు. అప్పుడే రాశాను కానీ పోస్టు చెయ్యడానికి చేతులు రాక ఇన్నాళ్లూ సంచిలో పెట్టుకుని తిరిగాను.

మానేస్తానని చెప్పబోతే బడి పెద్ద టీచరమ్మ తల పట్టుకుంది. "సాయం చేస్తామంటే ఆ పిల్ల దగ్గరికి రానివ్వదండీ. ఇంతకుముందు వచ్చినవాళ్లని తరిమేసింది. అందుకని, ఒకావిడ ఒంటరిగా దిగులుపడుతోంది, నువ్వే కాస్త దారిలో పెట్టు అని చెప్పాను. ఊరికే అల్లానండీ, ఏమీ అనుకోకండి" అంది. నా సంగతి ఆవిడకి ముక్క కూడా తెలీదు! పోట్లాడాలో దణ్ణం పెట్టాలో తోచలేదు. నిజం చెప్తే పిల్ల మళ్లీ ఆ బల్ల దగ్గరికి రాదు, చదువు పోతుంది. చెప్పకపోతే మోసం. అసలు మోసమేనా? అదీ తేలలేదు. నోరు మూసుకుని వెళ్తూనే ఉన్నాను. ఓసారి సంచిలో నీ ఉత్తరం దాని కంటపడింది. అప్పట్నుంచీ అది లెక్కలు చెప్పించుకుంటూ, మధ్యలో "అక్కకి పోస్టు చేశారా?" అని నిలదీస్తూనే ఉంది.

ఇవాళ ఫలితాలు చెప్పారు. ఆరిందా గట్టెక్కింది! పెద్ద టీచరమ్మ మా ఇద్దర్నీ పిలిచి, "ఇంక ఈవిడని వేరే పిల్లకిస్తాం" అంది. సంతోషించాల్సింది పోయి నాకు ఏడుపొచ్చింది.

ఆరిందా లేచి నిలబడింది. "కుదరదు మేడమ్. పాసయింది నేను, ఆవిడ కాదు. వాళ్లక్కకి రాసిన ఉత్తరం ఇంకా సంచిలోనే తిప్పుతోంది. ఇంకో ఏడాది నా దగ్గరే ఉంచండి" అంది.

పెద్ద టీచరమ్మ నా వైపు చూసింది. నేను తల ఊపాను.

ఇప్పుడు పోస్టాఫీసు బల్ల మీద ఇది రాస్తున్నాను. ఆరిందా పక్కనే నిలబడి ఉంది, డబ్బాలో వేసేదాకా కదలదట. నువ్వు వస్తావని తెలుసు. రా అక్కా. వచ్చి నీకు తోచినంతసేపు ఏడువు. నిన్ను ఓదార్చే పని తను చూసుకుంటానంది.

ఈ ఏడు తప్పిన,
నీ చెల్లెలు