నాలుగో ఫ్లాస్కు

జూన్ 4, 2007, సోమవారం

యాప్రాల్‌లో కంపెనీ బస్సు ఆలస్యం. నేను చేరేసరికి కణాలు పెంచే నా కల్చర్ రూమ్‌లో, నా స్టూల్ మీద కొత్తమ్మాయి. పేరు సైమా. శామీర్‌పేట పిల్లే. తండ్రి అల్లావుద్దీన్‌కి అక్కడే దాణా కొట్టు. ఎంటెక్ చదివిందట. సెన్సర్ల కోసం తీసుకున్నారు.

సెన్సర్ అంటే బొట్టుబిళ్ళంత ఉంటుంది. ఫ్లాస్కు లోపలి గోడకి అంటించి ఉంటుంది. బయటినుంచి నీలి కాంతి వేస్తే ఎర్రగా వెలుగుతుంది. లోపల ఆక్సిజన్ తగ్గేకొద్దీ వెలుగు పెరుగుతుంది. కంప్యూటర్‌లో గీత పడుతూ ఉంటుంది. కణాలు ఎలా ఉన్నాయో మూత తీయకుండానే తెలిసిపోతుంది.

ఇన్నేళ్ళూ మూత తీసి, శాంపిల్ చూసి, ఆ మాట చెప్పింది నేను. కామేశ్వరిగారూ, ఇక మీకు సగం పని తగ్గినట్టే అన్నారు మా ల్యాబ్ హెడ్ హేమచంద్ సార్, అందరి ముందూ. నవ్వాను.

జూన్ 6, బుధవారం

యాదవ్వ చర్మం ముక్క వచ్చింది. కీసరలో మిరపకాయ బజ్జీల బండి ఆమెది. కాగే నూనె మూకుడు ఒళ్ళో బోర్లా పడింది. రెండు తొడలూ కాలిపోయాయి. ఈ చిన్న ముక్కలోంచి కణాలు తీసి, పెంచి, పలచని పొరలుగా చేసి ఆసుపత్రికి పంపాలి. ఆరు ఫ్లాస్కుల్లో వేశాను. నా చేతులతోనే.

జూన్ 12, మంగళవారం

ఢిల్లీ నుంచి విజిటర్లు. సార్ వాళ్ళని తిన్నగా సైమా దగ్గరికి తీసుకెళ్ళారు. లైటు ఆర్పి ఫ్లాస్కు వెలిగించి చూపించింది. వాహ్ అన్నారు. నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను, లోపలికి దుమ్ము రాకుండా.

అందరికీ ఆమె కావాలి. క్యాంటీన్ బుచ్చమ్మ కూడా ఆమెకే వేడి పూరీ వేస్తుంది. పోరి మంచిగ మాట్లాడ్తది అంటుంది. నేను ఏం మాట్లాడతానట మరి?

జూన్ 13

ఇంత ఉక్కలో ఆ పిల్లకి చెమట కూడా పట్టదు.

జూన్ 14, గురువారం

లంచ్‌కి అందరూ వెళ్ళారు. నేను వెళ్ళలేదు. నాలుగో ఫ్లాస్కు మూత తీశాను. కణాలు పెరిగే ద్రవం, మీడియం, కాస్త తీసి పాత ఆక్సిజన్ మీటర్‌లో పెట్టాను. సెన్సర్ అబద్ధం చెబుతోందని తేలితే చాలు. మధ్యాహ్నం మీటింగ్‌లో లేచి చెప్పాలని వాక్యం కూడా సిద్ధం చేసుకున్నాను.

రెండూ ఒకే అంకె చెప్పాయి.

అడుగుల చప్పుడు వినిపించి గబగబా మూత పెట్టాను. గ్లవ్స్ మీద స్పిరిట్ కొట్టుకున్నానా? గుర్తు లేదు.

జూన్ 15, శుక్రవారం

ఈ సాయంత్రం ఆరు ఫ్లాస్కులనీ ఒకటిగా కలపాలి. మూడింటికి సైమా వచ్చింది, వెనకే సార్. గీ నాలుగోది వేరే తీర్గ పోతాంది మేడం, ఆక్సిజన్ మస్తు జల్దీ పడిపోతాంది, నాకు పరేషాన్ అయితాంది అంది.

మైక్రోస్కోప్‌లో చూశాను. శుభ్రంగానే ఉంది. కణాలు జోరుగా పెరుగుతున్నాయి, అందుకే, కలిపేద్దాం అన్నాను. నిన్నటి మూత సంగతి మనసులో మెదలలేదా? మెదిలింది. అయినా అన్నాను.

సార్ నన్ను చూశారు. కంప్యూటర్‌లో గీతని చూశారు. నాలుగోది పక్కన పెట్టండి, మిగతా ఐదూ కలపండి అన్నారు. నన్ను ఇంకేమీ అడగలేదు. బస్సులో తూంకుంట దాటేదాకా పళ్ళు బిగించుకునే కూర్చున్నాను.

జూన్ 16, శనివారం, ఉదయం 8

నాలుగో ఫ్లాస్కు బియ్యం కడిగిన నీళ్ళలా ఉంది. బాక్టీరియా.

కలిపి ఉంటే మొత్తం పోయేది. యాదవ్వని మళ్ళీ కోసేవాళ్ళు. మళ్ళీ పొరలు పెరిగేదాకా ఆమె ఉండేదో లేదో.

బాత్‌రూమ్‌లో కుళాయి తిప్పి కూర్చున్నాను.

జూన్ 18, సోమవారం

ఎలా జరిగింది అని సార్ అడిగారు. నేను లాగ్‌బుక్‌లో తేదీలు రాస్తూ కూర్చున్నాను.

తర్వాత సీసాలు ఆవిరి పట్టే ఆటోక్లేవ్ దగ్గర సైమా నన్ను ఆపింది. మూత దీస్తె లోపల ఆక్సిజన్ ఒక్కసారే పైకి దుంకుతది మేడం, బేస్తవారం లంచ్ టైంల దుంకింది అంది. సార్‌కు నేనైతే చెప్పలె, మీరే చెప్పుండ్రి, మీరు చెప్తెనే మంచిగుంటది అంది. గొంతులో కోపం లేదు.

కోపపడి ఉంటే బాగుండేది. తెలివి ఉంది, వయసు ఉంది, సరే. దేవుడు ఈ మంచితనం కూడా దానికే ఇవ్వాలా?

జూన్ 19, మంగళవారం

చెప్పాను. ఎందుకు తీశారు అన్నారు సార్. సెన్సర్ తప్పని నిరూపిద్దామని అన్నాను. రేపటినుంచి మీడియం తయారుచేసే గదిలో పని చేయమన్నారు. కల్చర్ రూమ్ తాళం సైమాకి ఇమ్మన్నారు. ఇచ్చాను. రెండు చేతులతో తీసుకుంది.

జూన్ 23, శనివారం

ఈ మధ్య మనింట్లో నా పేరు కంటే సైమా పేరే ఎక్కువ వినిపిస్తోంది అన్నాడు మా ఆయన సుధీర్. అన్నం ముందు నుంచి లేచిపోయాను.

జూలై 11, బుధవారం

ఆసుపత్రికి సైమా వెళుతోందని తెలిసి, అడిగి మరీ నేనూ వెళ్ళాను. యాదవ్వ కట్లు విప్పారు. కొత్త చర్మం పట్టింది. లేత గులాబీ రంగు.

ఆమె సైమా చేతులు పట్టుకుంది. నీ కడుపు సల్లగుండ బిడ్డా అంటూ వదల్లేదు.

ఆమె చేయి పట్టుకోడానికి నా వంతు వచ్చేదాకా నిలబడ్డాను.