నాణెం నా సంచిలో ఉంది

ఏమండీ,

మన కినాసిహ్‌ను రక్తపరీక్షకు సోలో ఊరెళ్ళే బస్సులో తీసుకెళ్తున్నాను. సోయా టెంపే ముక్కలు వేయించి మూత పెట్టాను. అత్తయ్యకు టీ చక్కెర లేకుండా ఇచ్చి, వేశానని చెప్పండి.

ఈ నెలలో ఆసుపత్రికి ఇది నాలుగోసారని నాకూ తెలుసు. పోయినసారి నర్సు, "మళ్ళీ వచ్చారా అమ్మా? మీకూ ఒక డ్యూటీ వేయమంటారా?" అంది. మీరూ నవ్వారు. రక్త క్యాన్సర్ మందులు ఆపి రెండేళ్ళయిన పిల్ల కాళ్ళు నొప్పులని పడుకుంటే నాకు నవ్వు రావడం లేదు.

నిన్న అత్తయ్య "ఒంట్లో చలిగాలి చేరిందే, అంతే" అంటూ దాని వీపుకు నూనె రాసి, గాలి పోతుందని రాగి నాణెంతో గీకారు. పొద్దున స్నానం చేయిస్తుంటే ఎర్రచారల మధ్య రెండు నల్లటి మచ్చలు కనిపించాయి. అవి నాణెం వల్ల వచ్చాయో, జబ్బు తిరగబెట్టి వచ్చాయో తేల్చుకోలేకపోయాను.

ఆవిడను ఏమీ అనకండి. అప్పట్లో జబ్బు బయటపడక ముందు, మూడు వారాల పాటు అదే నాణెంతో గీకింది నేను. డిగ్రీ చదివిన మనిషిని, అప్పటి మచ్చలు నా చేతి బరువు వల్లే అనుకున్నాను.

రిపోర్టు మూడింటికి ఇస్తారు. మీకోసం పక్కన కుర్చీ ఆపి ఉంచుతాను.

సురత్మి

అన్నట్టు, అత్తయ్య నాణెం కోసం ఇల్లంతా వెతుకుతారు. చూడలేదని చెప్పండి. రిపోర్టు బాగుంటే నేనే తెచ్చిచ్చి, నా వీపు గీకమంటాను. ఆవిడకు ఎప్పటినుంచో ఆ కోరిక ఉంది.