అవ్వ చేసిన చేదు ఉండలు

ధర్మవరం, 12-8-1964

తమ్ముడు గంగాధరప్పకు అక్క దీవెనలు.

నీ ఉత్తరం చేరింది. బ్లాకు ఆఫీసువాళ్లు ఇచ్చిన సీమకోడిపిల్లలు ఎదుగూబొదుగూ లేకుండా ముడుచుకు కూర్చుంటున్నాయని చదివి మనసు కలుక్కుమంది. ఉన్నదంతా వాటి మీదే పెట్టావు కదా. మన అవ్వ చేసే కోళ్లమందు రాసి పంపమన్నావు.

నేలవేము మీ పెనుకొండ చేలగట్ల మీదే దొరుకుతుంది. ఆకు నీడన ఎండబెట్టి, దంచి, చిటికెడు పసుపుతో రాగిసంగటిలో కలిపి ఉండలు చెయ్యి. చిదిపి వాటికి వెయ్యి. పశువుల డాక్టరుకు కూడా ఒకసారి చూపించు.

ఇక్కడ మగ్గాల చప్పుడులో కూడా నాకు అవ్వ కోళ్లను పిలిచే గొంతు వినిపిస్తూనే ఉంటుంది. నీకు గుర్తుండదు గానీ, అది కోళ్లమందు కాదురా, నీ మందు. నువ్వు పుల్లలా ఉండేవాడివి, తిన్నది ఒంటపట్టేది కాదు. ఉండ కనిపిస్తే చాలు, నోరు బిగించేవాడివి. అందుకే అవ్వ నిన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని, ముందు ఒక ఉండ కోడిపిల్లలకు చిదిపి వేసేది.

"చూడబ్బా, అవి ఎట్ల తింటాండాయో! వాటికన్నా తీసిపోయినావా నువ్వు?" అనేది.

నువ్వు ఏడుస్తూ మింగేవాడివి. ఆ ఏడాది ఊళ్లో కోళ్లన్నీ తెగులుతో పోతే మన పెరట్లోవి మాత్రం పిటపిటలాడుతూ తిరిగాయి. అప్పటినుంచే అందరూ దాన్ని కోళ్లమందు అన్నారు.

నీ సీమపిల్లలు చేదని మొహం తిప్పుకుంటే, వాటి ఎదురుగా కూర్చుని ముందు నువ్వొక ఉండ మింగి చూపించు.

నీ అక్క