కాటా బాబు జుట్టు

సూర్యాపేట,
7 జూలై 2025, సోమవారం.

ఈ రోజు పనులు పద్నాలుగు. అయినవి పన్నెండు. బియ్యంలో రాళ్లు ఏరడం, మేడ మీద ట్యాంకు కడగడం రేపటికి.

ప్రియమైన కరుణ నాన్నకు,

రెండు పనులు పక్కన పెట్టి ఉత్తరం పట్టుకున్నానంటే విషయం చిన్నది కాదని మీకు ఈపాటికి అర్థమై ఉండాలి. పొద్దున ధన్‌సింగ్ మన సందు చివర సిమెంటు లారీ ఆపి, మీ ఖాళీ టిఫిన్ గిన్నె నా చేతికిచ్చి ఒక మాట అన్నాడు.

"వదినా, ఈసారి పర్మినెంటు లిస్టుల అన్న పేరు ఉన్నదంట. గానీ కొత్త మేనేజరు, జుట్టు తీసేస్తెనే సంతకం పెడ్తా అంటున్నడంట."

ఇంకేమైనా అడుగుదామంటే గేరు వేసి వెళ్లిపోయాడు. అప్పటి నుంచి నాకు కాళ్లు నిలవడం లేదు. పదకొండేళ్లుగా మేళ్లచెరువులో కిరాయి గదిలో ఒక్కరే ఉంటూ, ఫ్యాక్టరీ కాటా మీద లారీలు తూస్తూ, ప్రతి ఏడాదీ కాంట్రాక్టు కాగితం మీద సంతకం పెడుతున్న మనిషి పేరు లిస్టులోకి వచ్చింది. ఆ సంతోషంలో వంటింట్లో రెండుసార్లు పోపు మాడ్చాను. జుట్టు మాట గుర్తొచ్చి మూడోసారి మాడ్చాను.

నిన్ననే కదా ఇంటికొచ్చారు. నా ముందు కూర్చుని తలకు నూనె పెట్టించుకున్నారు. ఒక్క ముక్క చెప్పలేదు. ఫోన్లో అడిగితే "సూద్దాం తియ్" అని పెట్టేస్తారు. కాగితం మీద తప్పించుకోలేరు. ఆయన ఏమన్నాడు, మీరేమన్నారు, అన్నీ వరసగా రాయండి.

గోంగూర పచ్చడి పంపుతున్నాను. నూనె తేలి ఉండాలి, తడి చెంచా పెట్టకండి.

ధన్‌సింగ్ లారీ హారన్ కోసం చెవులు నిక్కించుకుని ఉన్న,
సరళ

*

మేళ్లచెరువు,
10 జూలై 2025.

ప్రియమైన సరళకు,

వరసగానే రాస్తున్నాను. మేనేజరు చిరంజీవి గారిది కోదాడ. వచ్చి నెలయింది. చెడ్డవాడు కాదు. పిలిచి కుర్చీ వేయించి మరీ మాట్లాడాడు.

"బిక్షపతి గారూ, మీ కాటా లెక్కలో ఒక్క తప్పు లేదండి. కానీ ఈ జుట్టేంటండి? డీలర్లు వస్తుంటారు. ఫ్యాక్టరీ గేట్లో సన్యాసిని కూర్చోబెట్టారేంటని అడుగుతున్నారు. ఒకటో తారీఖుకి లిస్టు ఖాయం చెయ్యాలి. ఈలోపు మీరు కటింగ్ చేయించుకుంటే నాకు సంతకం తేలికవుద్ది. అసలెందుకు పెంచారు?"

"ఊకెనే సార్," అన్నాను. ఆ జవాబు ఆయనకు నచ్చలేదు.

లారీ డ్రైవర్ల సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. కిటికీలోంచి తొంగి చూసి, "అక్కా, జర కాటా చీటీ ఇయ్యి, జడ తర్వాత ఏసుకుందువు గని" అంటారు. మా ఊరు పాలకీడు పోతే మా అన్న గోపయ్య, "గొర్రెకైన ఏడాదికి రెండుసార్లు కత్తెర పడతది, నీకేమైంది రా" అంటాడు. నవ్వేసి ఊరుకుంటాను.

కానీ "ఊకెనే" అన్నది నిజం కాదు. నాకు ఇరవై ఏళ్లప్పుడు మెడ దాకా జుట్టు పెంచితే, బాపు నన్ను దొడ్లో మంద మధ్య కూర్చోబెట్టి ఉన్ని తీసే కత్తెరతో కత్తిరించాడు. మళ్లీ ధైర్యం చేయలేదు. రెండేళ్ల కింద బాపు పోయిన పదకొండో రోజు గుండు చేయించుకున్నాను కదా. ఆ తర్వాత మొలిచిన జుట్టు వయసులో ఉన్నట్టే ఒత్తుగా, ఉంగరాలుగా వచ్చింది. ఒకరోజు అద్దంలో చూసుకుంటే, వీడెవడో నాకు తెలిసినవాడే అనిపించింది. నలభై ఎనిమిదేళ్ల మనిషి ఈ మాట మేనేజరుకు ఎట్లా చెప్తాడు?

వచ్చే ఆదివారం సెలూన్‌కు పోయి తీయించేస్తాను. పదకొండేళ్ల ఎదురుచూపు ముందు మూరెడు జుట్టు ఎంత?

ఇట్లు,
ఈసారి వచ్చినప్పుడు నువ్వు గుర్తుపట్టలేని
నీ బిక్షపతి

*

సూర్యాపేట,
14 జూలై 2025, సోమవారం.

ఈ రోజు పనులు తొమ్మిది. అయినవి నాలుగు. పెళ్లయ్యాక ఇంత తక్కువ ఎప్పుడూ లేదు. చేయి ఒక చోట ఆగడం లేదు.

ప్రియమైన కరుణ నాన్నకు,

శనివారం ఫోన్లో "సెలూన్‌కు పోవద్దు" అని మాత్రం చెప్పి పెట్టేశాను. ఎందుకో ఇప్పుడు చదవండి.

నిన్న పొద్దున ఏడింటి బస్సుకు కోదాడ వెళ్లాను. మేనేజరు గారి ఇల్లు ధన్‌సింగ్‌ను అడిగి తెలుసుకున్నాను. మీ తరఫున చెప్పాల్సినవి ఎనిమిది సంగతులు చీటీ మీద వరసగా రాసుకుని చీర కొంగున ముడేసుకున్నాను. పదకొండేళ్లలో మీరు పెట్టిన సెలవులెన్ని, రాత్రి డ్యూటీలెన్ని, జుట్టు పెరిగిన రెండేళ్లలో తూకంలో వచ్చిన తప్పులెన్ని (ఏమీ లేవు), అన్నీ అందులో ఉన్నాయి.

ఆయన వరండాలో టీ తాగుతున్నారు. కూర్చోమన్నారు. నేను కొంగు ముడి విప్పుతుండగానే, "ఒక్కమాట చెప్పండమ్మా. ఆయన అడిగితే చెప్పట్లేదు. మొక్కేమన్నా ఉందా?" అన్నారు.

"అవునండి," అన్నాను.

ఎక్కడి నుంచి వచ్చిందో ఆ మాట, దేవుడి మీద ఒట్టు, నేను అనుకుని వెళ్లింది కాదు. ఏ దేవుడికి అన్నారు. మట్టపల్లి నరసింహస్వామికి అన్నాను. ఎప్పటిదాకా అన్నారు. ఉద్యోగం పర్మినెంటు అయ్యేదాకా అన్నాను. మూడు ప్రశ్నలకు మూడు జవాబులు. చీటీ విప్పనే లేదు.

ఆయన టీ గ్లాసు కింద పెట్టి లేచి నిలబడ్డారు. "అయ్యయ్యో, ముందే చెప్పొద్దా అండి? స్వామి జుట్టు తీసెయ్యమన్నానా నేను?" అని చెంపలు వేసుకున్నారు. వాళ్లావిడ నాకు బొట్టు పెట్టి జాకెట్ ముక్క ఇచ్చింది. లిస్టులో మీ పేరు ఖాయమన్నారు.

బస్సులో తిరిగొస్తుంటే ఒకటే నవ్వు. పక్క సీటావిడ మూడుసార్లు నా మొహం చూసింది. జుట్టూ ఉంది, ఉద్యోగమూ ఉంది. ఇంకేం కావాలి చెప్పండి.

కోదాడ గెలిచి వచ్చిన మీ
సరళ

*

మేళ్లచెరువు,
19 జూలై 2025.

ప్రియమైన సరళకు,

ఇంకేం కావాలని అడిగావు కదా, విను.

మంగళవారం నుంచి నేను స్వామినయ్యాను. అక్కా అన్న డ్రైవర్లే కాటా గది గడప బయట చెప్పులు విడిచి, "స్వామీ, చీటీ" అంటున్నారు. క్యాంటీన్‌లో నేను కూర్చుంటే పక్కవాళ్లు కోడికూర గిన్నె ఎత్తుకుని వేరే బల్లకు పోతున్నారు. నేను చేయి చాపితే ధన్‌సింగ్, "వద్దన్నా, నీకు పాపం తగులుతది" అని గిన్నె వెనక్కి లాక్కున్నాడు. మొన్న నన్ను చూసి మొహం చిట్లించిన డీలరు ఒకాయన ఇవాళ నా ముందు తల వంచి, బిడ్డ పెళ్లి కుదిరేటట్టు చూడమన్నాడు.

అసలు సంగతి ఇది. మేనేజరు గారికి పట్టరాని సంబరంగా ఉంది. ఆగస్టు మూడో తారీఖు ఆదివారం ఫ్యాక్టరీ బస్సు కట్టించాడు. ఇరవై రెండు మందిమి మట్టపల్లి పోతున్నాం. అక్కడ స్వామి ముందు నేను తలనీలాలిచ్చాక, పర్మినెంటు కాగితం తన చేతులతో ఇస్తాడట. కొత్త గుండు మీద గంధంతో ఫోటో కూడా తీయిస్తాడట.

నాకు కోపం రాలేదు, నవ్వూ రాలేదు. తల అదే, జుట్టు అదే. నా ఇష్టంతో పెంచుకుంటే తీసెయ్యమన్నారు. దేవుడిదంటే దండం పెడుతున్నారు. నా ఇష్టానికి ఆ మాత్రం విలువ లేదా అని రెండు రోజుల నుంచి ఆలోచిస్తున్నాను.

ఇప్పుడు నిజం చెప్తే నువ్వు అబద్ధాలకోరువవుతావు, లిస్టు నుంచి పేరు పోతుంది. అందుకే గుండు చేయించుకుంటాను. నీ మాట పోనివ్వను.

ఇట్లు,
కోడికూర లేని స్వామి
బిక్షపతి

*

సూర్యాపేట,
23 జూలై 2025.

పనుల లెక్క ఈ రోజు రాయలేదు.

ప్రియమైన కరుణ నాన్నకు,

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. సంబరంలో నేను ఒక లెక్క తప్పాను. ఉద్యోగానికి ఒక గడువు పెట్టి, ఆ గడువుకు మీ తల రాసిచ్చాను. మిమ్మల్ని అడగకుండా.

మూడో తారీఖున బస్సెక్కి రండి. నేను ఇక్కడి నుంచి ముందే వస్తాను. నేను కనపడేదాకా మంగలి ముందు కూర్చోవద్దు. ఎవరు తొందరపెట్టినా సరే.

సరళ

*

మేళ్లచెరువు,
5 ఆగస్టు 2025.

ప్రియమైన సరళకు,

రెండు రోజులైంది. మట్టపల్లి ఇంకా నా కళ్ల ముందే ఉంది.

బస్సు దిగి కృష్ణ ఒడ్డుకు వస్తుంటే మెట్ల మీద ఎవరో ఆడమనిషి నున్నటి తలతో, గంధం రాసుకుని, తడి చీరతో కూర్చుని ఉంది. దాటి పోబోయాను కూడా. "ఇటు," అన్నావు. పాతికేళ్లుగా నా పక్కనున్న మనిషిని గొంతు వినేదాకా గుర్తుపట్టలేదు. నడుము కిందికి ఉండేది నీ జడ. ఇరవై రెండు మందిమీ మెట్ల మీదే ఆగిపోయాం.

ధన్‌సింగే, "వదినా, ఇదేంది?" అన్నాడు.

"మొక్కు అన్నది నేను తమ్మీ. ఆయన కాదు. ఆ మాట అన్న నోరు ఏ తలకున్నదో ఆ తలనే ఇచ్చిన," అన్నావు.

తర్వాత మేనేజరు గారిని పక్కకు పిలిచావు. నేను దూరం నుంచి చూస్తున్నాను. ఆయన జేబులోంచి తీసిన కవరు మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. నా పని అయిపోయిందనుకున్నాను. అందరి మధ్యలో నిన్ను అడగడానికి వీలు కాలేదు. నువ్వు సూర్యాపేట బస్సెక్కావు, నేను ఫ్యాక్టరీ బస్సెక్కాను. ఆయన నాకు దూరంగా ముందు సీట్లో కూర్చున్నాడు.

నిన్న పొద్దున పిలిచాడు. కవరు బల్ల మీద పెట్టాడు. "ఐడీ కార్డుకి ఫోటో దిగిరండి. జుట్టు ఇట్లాగే ఉండనీండి. యార్డులోకి వెళ్లేటప్పుడు మాత్రం ముడేసి హెల్మెట్ లోపల పెట్టండి. మెషీన్ల దగ్గర అది అందరికీ రూలే," అన్నాడు.

ఎందుకు సార్ అంటే, "మీ ఆవిడనే అడగండి," అన్నాడు.

అడుగుతున్నాను. ఏం చెప్పావు? ఇంకో మొక్కు చెప్పలేదు కదా? చెప్పి ఉంటే ఈ జన్మలో నాకు కోడికూర లేనట్టే.

నీ పర్మినెంటు
బిక్షపతి

*

సూర్యాపేట,
7 ఆగస్టు 2025, గురువారం.

ఈ రోజు పనులు పదహారు. అయినవి పదహారు. తల దువ్వుకునే పని లేనందుకు సమయం మిగిలి, ట్యాంకు మళ్లీ కడిగాను.

ప్రియమైన కరుణ నాన్నకు,

మీ కవరు సంగతి ధన్‌సింగ్ లారీ దిగకముందే అరిచి చెప్పాడు. సందులో వాళ్లందరికీ ఇప్పుడు మీ ఉద్యోగం తెలుసు.

కరుణ మిర్యాలగూడ హాస్టల్ నుంచి వీడియో కాల్ చేసి నన్ను చూసి ఫోన్ మొహానికి దగ్గరగా పెట్టుకుంది. తర్వాత, "అమ్మా, ఇగ ఇంట్ల జుట్టు ఉన్నది నాన్నకేనా" అంది. ఇద్దరం ఏడ్చాం, తర్వాత చాలాసేపు నవ్వాం.

ఇంకో మొక్కు చెప్పలేదు. నిజం చెప్పాను.

"సార్, మా ఆయనకు ఏ మొక్కూ లేదు. జుట్టు ఆయనకిష్టం, అందుకే పెంచుకున్నడు. ఆ రోజు మీరు అడిగితే అవునన్న. అది నా తప్పు, అందుకు నా తల ఇచ్చిన," అన్నాను. అప్పుడే ఆయన కవరు జేబులో పెట్టుకున్నారు. మొహం ఎర్రబడింది.

"నన్ను ఇంతమంది ముందు వెర్రివాణ్ణి చేశారు కదమ్మా," అన్నారు.

"ఒక్కటి చెప్పుండ్రి సార్. జులై పదమూడు నుంచి ఇయ్యాల్టికి ఇరవై ఒక్క రోజులు. ఆ ఇరవై ఒక్క రోజులు ఆ జుట్టు తోటే ఆయన కాటా మీద కూసున్నడు. ఎన్ని లారీలు ఆగినయ్? ఏ డీలరు సరుకు వద్దన్నడు? మీకే ఒక్కసారన్న చికాకు అయిందా?"

ఆయన నది వైపు తిరిగి వేళ్లు మడవడం మొదలుపెట్టారు. నిజంగానే లెక్కపెట్టుకున్నట్టున్నారు.

"లేదు," అన్నారు చివరికి. "దండం పెట్టుకున్నాను."

"అదే జుట్టు సార్," అన్నాను.

ఆయన బస్సు వైపు కదిలారు. వెళ్లిపోతూ వెనక్కి తిరిగి, "ఆ జుట్టుతో ఆయనేం బాగుంటారని మీ ఉద్దేశం?" అని అడిగారు.

"చానా బాగుంటడు సార్," అన్నాను. సిగ్గుపడలేదు. మీకు ఇన్నాళ్లూ ఈ మాట ఎందుకు చెప్పలేదో తెలియదు. ఇప్పుడు రాతపూర్వకంగా ఉంచుకోండి.

ఇక ఎవరైనా ఎందుకు పెంచావని అడిగితే ఊరికే అనకండి, దేవుడి పేరూ చెప్పకండి. ఇష్టమని చెప్పండి. వచ్చే నెల వచ్చేటప్పుడు అరకిలో కోడికూర తెండి, మూడు వారాల బాకీ ఇక్కడ తీరుద్దాం. రెండో బాకీ సంగతి నా పుస్తకంలో ఇట్లా రాసుకున్నాను:

మట్టపల్లి స్వామికి సరళ ఇవ్వాల్సింది, ఒక తల జుట్టు. 3 ఆగస్టున పూర్తిగా ఇవ్వడమైనది. బాకీ లేదు.

మీ
సరళ