పేరు పక్కన చుక్క

చెల్లీ, నేను బాగానే ఉన్నాను, బెంగపెట్టుకోకు. మా ప్రెస్సులో గ్యాసు పైపుల లేబుళ్ళు స్క్రీన్ ప్రింటింగ్ చేస్తున్నాం. ఆర్డరిచ్చినాయన "కంపెనీ పేరు గీకినా పోకూడదు, గడువు తేదీ మాత్రం తుడిస్తే పోవాలి" అన్నాడు. ఎందుకండీ అని అడగబోతే మా ఓనరు నా కాలు తొక్కాడు. అమ్ముడుపోని పాత పైపులకు తేదీ మార్చి అంటగడతారని నా అనుమానం. స్క్రీనులో సూదిమొనంత చిల్లు పడితే ఎప్పుడూ పూడ్చేస్తాను, ఈసారి కావాలనే వదిలేశాను. అందులోంచి సిరా దిగి ప్రతి లేబులు మీదా పేరు పక్కన చుక్క పడుతోంది.

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? నా గొడుగు బావగారే వాడుతున్నారా? ఆయన చవగ్గా తెస్తానన్న పైపు మీద ఆ చుక్కుంటే పొయ్యికి తగిలించనివ్వకు. పిల్లలిద్దరూ చల్లగా ఉండాలి.

పోస్టుమ్యాన్ ఈ కార్డు చదివితే చదవనీ, ఆయనింట్లోనూ పొయ్యి ఉంటుంది.

మీ అన్నయ్య