కడియాల బరువు

నాంపల్లి,
1953 జూలై 4

అల్లుడు బిచ్చయ్యకు మామ రాజమల్లు దీవెనలు.

బొగ్గుబావి దగ్గర నువ్వు క్షేమమని తలుస్తాను. ఇక్కడ క్షేమమని రాయడానికి చెయ్యి రావడం లేదు. మొజంజాహీ మార్కెట్‌లో పండ్లు చుట్టే పాత పత్రికలు చదివి అక్షరాలు నేర్చినవాణ్ణి. బత్తాయి మరక పడ్డచోట కథ నేనే కల్పించుకునేవాణ్ణి. ఈ ఉత్తరంలో కల్పన లేదు.

సమ్మక్కకు జ్వరం తగ్గింది గానీ పాలు ఎండిపోయాయి. నీ బిడ్డ లక్ష్మీనర్సమ్మకు గంజినీళ్లే గతి. ఏడ్చే ఓపిక కూడా పోయింది దానికి. అబిడ్స్ వెనక సర్కారు పాలకేంద్రం పెట్టింది. పిల్లను తూస్తారు. ముల్లు ఎర్రగీత దాటకపోతే చీటీ ఇస్తారు. చీటీ ఉంటే రోజూ పాలు.

మన ఇళ్లలో పిల్లను బోసికాళ్లతో నలుగురిలోకి తీసుకుపోతామా? పక్కింటి కిష్టవ్వ మనవడి వెండి కడియాలు అడిగి తెచ్చి వేశాను. సన్నటి కాళ్ల నుంచి జారకుండా లోపల గుడ్డపీలికలు కుక్కాను.

అక్కడ తూచే నర్సు ఎమిలీ అమ్మ, "కడియాలు తియ్యి తాతా" అంది. వెనక వరుసలో మార్కెట్ ఆడవాళ్లు. తీస్తే పీలికలు వాళ్ల ముందే రాలతాయి.

"తియ్యగూడదమ్మా, దిష్టి తగుల్తది" అన్నాను.

ముల్లు గీతను వెంట్రుకవాసి దాటింది. "బరువు సరిపోయింది. చీటీ రాదు తాతా" అంది.

పాలపొడి అయిపోయిందని సమ్మక్కతో అబద్ధమాడాను. నిజం నీకే రాస్తున్నాను. తిట్టు. సెలవు దొరికితే రా.

నీ మామ,
రాజమల్లు


నాంపల్లి,
1953 జూలై 15

బిచ్చయ్యా,

నీ జవాబు లేదు. కోపమో, ఉత్తరమే అందలేదో.

"నీ ఇజ్జత్‌ను ఉగ్గుల కలిపి పోస్తవా ఏందన్నా?" అని సంగతి విన్న కిష్టవ్వ తిట్టాక గానీ మళ్లీ పాలకేంద్రానికి కాలు కదల్లేదు. కడియాలు ఆమెకు అప్పగించి, నూలుపోగు లేకుండా పిల్లను తక్కెడలో పెట్టి, చేసిన పని అందరికీ వినబడేలా చెప్పాను.

"గప్పుడే చెప్తే ఏమైతుండె తాతా?" అని ఎమిలీ అమ్మ మొహం తిప్పుకుంది.

ముల్లు గీతకు చాలా కింద ఆగింది. మనవరాలి బరువు తగ్గిందని దండం పెట్టుకున్న తాతను నేనే.

చీటీ దొరికింది. మొదటి చెంచా పాలు బయటికే వచ్చాయి. రెండోదీ అంతే. మూడోది మింగింది. నాలుగో చెంచా ఎమిలీ అమ్మ నా చేతికిచ్చింది. సగం ఒలకబోశాను.

సెలవు దొరకకపోయినా రా.

నీ మామ,
రాజమల్లు